గార్గి పేరు సరే, గార్గి ప్రశ్న ఏదీ?

మిర్యాలగూడ, కోదాడ చేలకు నీరిచ్చే ఎడమ కాలువ ఏ జలాశయంలో పుడుతుందో, ఆ నీటి అడుగున ఒక రాజధాని ఉంది. క్రీస్తుశకం 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకులు ఏలిన విజయపురి అది. 1926లో పురావస్తు శాఖ కంటబడింది. 1927 నుంచి 1931 దాకా లాంగ్‌హర్స్ట్ తవ్వాడు. నాగార్జునసాగర్ ఆనకట్ట ఖాయమయ్యాక ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో 1954 నుంచి 1960 వరకు లోయంతా గాలించారు. దొరికిన శాసనాలు చదివినవాళ్ళకు ముందుగా కొట్టొచ్చినట్టు కనబడేది, బౌద్ధ కట్టడాల మీద ఇన్ని స్త్రీల పేర్లు ఉండటం. చాంతిసిరి, అడవి చాటిసిరి, రుద్రధర భట్టారిక, భట్టిదేవ, కొడబలిసిరి, బోధిసిరి. ఆ చోటును శాసనాలు శ్రీపర్వతమనీ విజయపురి అనీ పిలిచాయి. మనం పిలిచేది నాగార్జునకొండ అని. ఇక్ష్వాకుల శాసనాల్లో ఆచార్య నాగార్జునుడి ఊసే లేదు. ఆ రాతి మీద పేరు లేని పురుషుడికి కొండ, జలాశయం, గుంటూరు పక్కన ఒక విశ్వవిద్యాలయం దక్కాయి. రాతి మీద పేరున్న స్త్రీలకు పోటీ పరీక్షల పుస్తకంలో ఒక ఖాళీ పూరించే ప్రశ్న దక్కింది.

ఇందులో నాగార్జునుడికి అన్యాయంగా దక్కిందేమీ లేదు. ఆయన మూలమధ్యమకకారిక చీనా, టిబెట్ భాషల్లోకి వెళ్ళింది, శతాబ్దాల తరబడి వ్యాఖ్యలు పుట్టించింది, ఒప్పుకోనివాళ్ళు కూడా దానికి జవాబు చెప్పక తప్పలేదు. కోదాడ దాటి సరిహద్దు అవతలికి వెళితే వచ్చే జగ్గయ్యపేటలో దొరికిన, ఆరో శతాబ్దపుదని చెప్పే బుద్ధ విగ్రహం మీద నాగార్జునాచార్యుడి శిష్యుడు జయప్రభుడు, అతని శిష్యుడు చంద్రప్రభుడు అని గురుపరంపర చెక్కి ఉంది. అంటే ఆయన నిలిచింది వాదం వల్ల, ఆ వాదాన్ని మోసిన శిష్యుల వల్ల. నా అభ్యంతరం మరోచోట ఉంది. ప్రాచీన కాలంలో ఆలోచించిన పురుషుణ్ణి మనం ఏమన్నాడో చెప్పి గుర్తుచేసుకుంటాం. ఆలోచించిన స్త్రీని పేరు చెప్పి, ఎవరి భార్యో చెప్పి, ఏం దానమిచ్చిందో చెప్పి, లేదంటే ఎలా చనిపోయిందో చెప్పి వదిలేస్తాం. ఆమె మాట పోయినచోట ఇది తప్పనిసరి కావచ్చు. ఆమె మాట చేతిలో ఉన్న పుస్తకంలోనే ఉన్నా ఇదే పని చేస్తున్నామన్నది నా ఫిర్యాదు. అది ప్రాచీనుల తప్పు కాదు, మనదే.

మొదట రాతినే చూద్దాం, ఎందుకంటే అది మన వాకిట్లోది. మహాచైత్యం దగ్గర నిలిపిన ఆయక స్తంభాలు ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఆరో పాలనా సంవత్సరానివి. వాటిలో ముందు పేరు చాంతిసిరిది. రాజు శాంతమూలుడికి తోబుట్టువు, పూకీయ వంశపు మహాతలవరుడి ఇల్లాలు, వీరపురుషదత్తుడికి మేనత్త. ఒకచోట అతణ్ణి అల్లుడని కూడా అంటుంది. మేనరికాల సంగతి తెలిసిన తెలుగు పాఠకులకు ఆ బంధుత్వం విప్పి చెప్పక్కర్లేదు. శాంతమూలుడు అగ్నిష్టోమం, వాజపేయం, అశ్వమేధం చేసినవాడు. ఆ యజ్ఞాల పేర్లన్నీ ఆమె గర్వంగా బౌద్ధ స్తంభం మీదే చెక్కించింది. ఉజ్జయిని రాజు కూతురు రుద్రధర భట్టారిక ఒక స్తంభమూ 170 దీనారి మాషక నాణేలూ ఇచ్చింది. ఈ స్తంభాల మీది కోరికల భాష గమనించదగ్గది. పుట్టినింటికీ మెట్టినింటికీ, గడిచినవాళ్ళకూ రాబోయేవాళ్ళకూ పుణ్యం పంచాక, తనకోసం కోరుకునేది నిర్వాణం. సంతానమో ఐశ్వర్యమో మళ్ళీ రాణిగా పుట్టడమో కాదు. అది మామూలు పద్ధతిలో రాసే మాటే అనుకున్నా, ఆ పద్ధతిలో స్త్రీ తన పేరిట నిర్వాణం అడగటానికి అడ్డేమీ లేదన్నది తేలుతుంది.

బోధిసిరి వేరే రకం మనిషి. రాణి కాదు, ఉపాసిక. వీరపురుషదత్తుడి 14వ ఏట చుళధమ్మగిరి మీద చైత్యగృహం కట్టించి, తన దానాల చిట్టా మొత్తం అక్కడ రాయించింది: సింహళ విహారంలో బోధివృక్షానికి గుడి, దేవగిరిలో సాధన కోసం శాల, పూర్వశైలంలో చెరువు, కంటకసెలలో, అంటే ఘంటసాలలో, రాతి మండపం. తాను కట్టించినది ఏ ఆచార్యుల కోసమో కూడా స్పష్టం చేసింది. తామ్రపర్ణి, అంటే సింహళ సంప్రదాయపు ఆచార్యులు; కాశ్మీరం, గాంధారం, చీనా, వంగం, వనవాసి, యవన దేశాలను ధర్మం వైపు తిప్పినవారు అని వాళ్ళ ఘనత చెప్పింది. మిగతా స్త్రీల లెక్క కూడా ఇలాంటిదే, కాని ఎంపిక వేరు. చాంతిసిరి చేయూత అపరమహావినసేలియులకు. భట్టిదేవ విహారం బహుశ్రుతీయులకు. వనవాస రాజుకిచ్చిన ఆడపడుచు కొడబలిసిరి కట్టించినది మహీశాసకులకు. ఇవి ఒకే మతానికి వేర్వేరు ముద్దుపేర్లు కావు. ఒకరి సిద్ధాంతం మరొకరు ఒప్పుకోని బౌద్ధ శాఖలు, అంటే నికాయాలు. గతమూ భవిష్యత్తూ లేవు, ఉన్నది వర్తమానమే అన్న వాదం మహీశాసకులకు ఆపాదించేది. మొగవాళ్ళు యజ్ఞాలు, ఆడవాళ్ళు బౌద్ధం, రాజకుటుంబం రెండువైపులా కాలు పెట్టింది అని చరిత్రకారులు కొందరు సర్దిచెబుతారు. అందులో కొంత నిజం ఉండవచ్చు. కాని కేవలం రాజకీయపు పంపకమే అయితే ఒకే ఇంటి స్త్రీలు ఇన్ని వేర్వేరు నికాయాల వైపు వెళ్ళనక్కర్లేదు. ఎందుకు ఎంచుకున్నారో రాయి చెప్పదు. ఎంచుకున్నారని మాత్రం చెబుతుంది.

దాతలను దార్శనికులంటే ఎలా అని అడగవచ్చు. అనకూడదు, నేనూ అనడం లేదు. డబ్బిచ్చినవారందరూ చింతనాపరులైతే మన ఊళ్ళలో గుడి మెట్లెక్కినప్పుడల్లా ఒక తత్త్వవేత్త పేరు తొక్కుతున్నట్టే. నేను చెప్పేది, దానం అన్న ఒక్క తలుపు నుంచే ఆ కాలపు స్త్రీ రాతిమీదికి రాగలిగిందని. ఆ తలుపు వెనక ఏముందో ఒక్కోసారి సందులోంచి కనబడుతుంది. అమరావతి శాసనాల్లో ఒకటి వినయధరుడైన ఆర్య పునర్వసు శిష్యురాలు, ఉపాధ్యాయిని సముదియ గురించీ, ఆమె శిష్యురాలు మాల గురించీ చెబుతుంది. ఒక గురువు, ఆయన దగ్గర చదివి తానే గురువైన స్త్రీ, ఆమె దగ్గర చదివిన మరో స్త్రీ. మూడు తరాల చదువు ఒక పలక మీద ఉంది. కృష్ణ ఒడ్డున స్త్రీలు స్త్రీలకు పాఠం చెప్పిన పద్ధతి ఒకటి ఉండేదని దీనికన్నా గట్టిగా ఎవరు చెప్పాలి? సముదియ ఏం బోధించింది, మాల ఏ సందేహం అడిగింది అన్నది మాత్రం పోయింది. రాసి పెట్టినవాళ్ళు లేరు, లేదా రాసినది నిలవలేదు. సూర్యాపేట జిల్లాలో మనం గొప్పగా చెప్పుకునే ఫణిగిరి కూడా ఇంతే. బిక్కేరు వాగు పక్కన ఆ గుట్ట మీద స్తూపం, చైత్యగృహాలు, విహారాలు, తోరణం బయటపడ్డాయి. ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుడి 18వ ఏట రాజవైద్యుడు ధర్మచక్రం నిలిపిన శాసనం ఉంది. 2023లో ఆ శిల్పాలు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా వెళ్ళొచ్చాయి. 2024లో మూడువేల ఏడువందలకు పైగా సీసపు నాణేల కుండ దొరికింది. రాజు, వైద్యుడు, శిల్పం, నాణెం దొరికాయి. ఆ గదుల్లో జరిగిన చర్చ దొరకలేదు.

దాతగా తప్ప గుర్తుండనివ్వని అలవాటు బౌద్ధంతో పోలేదు. సూర్యాపేట పొలిమేరలోని పిల్లలమర్రిలో ఎరకేశ్వరాలయం 1208లో కట్టించింది రేచెర్ల బేతిరెడ్డి భార్య ఎరకసాని. గుడికి ఆమె పేరే నిలిచింది, సంతోషం. ఇంకా దగ్గరి కాలానికి వస్తే తరిగొండ వెంగమాంబ. అద్వైతాన్నీ యోగాన్నీ తెలుగులో చెప్పిన మనిషి. వాసిష్ఠ రామాయణాన్ని ద్విపదలో రాసింది, రాజయోగామృతసారం రాసింది. ఆ వాసిష్ఠానికి సంస్కృత మూలమైన యోగవాసిష్ఠంలోనే చూడాల అనే రాణి తన భర్తకు జ్ఞానబోధ చేస్తుంది. ఇవాళ వెంగమాంబ పేరు తెలియని తెలుగువాళ్ళు తక్కువ, ఎందుకంటే తిరుమలలో నిత్యాన్నదానం ఆమె పేరిట జరుగుతుంది. కోట్లమంది ఆ పేరు కింద కూర్చుని భోంచేసి వచ్చారు. ఆమె పుస్తకం ఒక్క పుట తిప్పినవాళ్ళు ఎందరు? అన్నం పెట్టడం గొప్ప పనే. ఆమె చేసిన మరో గొప్ప పనిని అది కప్పేసింది.

ఇక మాట దక్కినవాళ్ళ సంగతి చూద్దాం. ఇక్కడ సాకు చెప్పుకోవడానికి లేదు. బృహదారణ్యకోపనిషత్తు మూడో అధ్యాయంలో జనకుడి సభలో గార్గి వాచక్నవి యాజ్ఞవల్క్యుణ్ణి రెండుసార్లు ప్రశ్నిస్తుంది. ఇదంతా నీళ్ళలో పడుగూ పేకలా అల్లి ఉందంటే నీళ్ళు దేనిలో అల్లి ఉన్నాయి, గాలి దేనిలో, ఆ పై లోకాలు దేనిలో అని ఒక్కొక్క మెట్టూ ఎక్కుతూ బ్రహ్మలోకం దాకా వెళుతుంది. అక్కడ యాజ్ఞవల్క్యుడు ఇక అతిగా అడగకు, తల రాలిపోతుంది అంటాడు. మన జనానికి తెలిసిన గార్గి ఇక్కడితో ఆగిపోతుంది. ఆడది హద్దు దాటింది, ఋషి గదిమాడు, నోరు మూసుకుంది. ఈ కథను స్త్రీలను అణచడానికి వాడేవాళ్ళూ, స్త్రీలను అణచారని నిరూపించడానికి వాడేవాళ్ళూ ఇద్దరూ ఇక్కడే పుస్తకం మూస్తారు. రెండు ఖండాలు దాటితే ఆమె మళ్ళీ లేస్తుంది. కాశీ, విదేహ దేశాల వీరపుత్రుడు వింటికి నారి ఎక్కించి రెండు బాణాలు పట్టుకుని వచ్చినట్టు రెండు ప్రశ్నలతో వచ్చాను, జవాబు చెప్పు అంటుంది. ఆకాశానికి పైనా, భూమికి కిందా, రెంటి మధ్యా, జరిగిందీ జరుగుతున్నదీ జరగబోయేదీ అంతా దేనిలో అల్లి ఉంది? ఆకాశంలో అని జవాబు. ఆ ఆకాశం దేనిలో? అక్షరంలో. ఉపనిషత్తులో అక్షరబ్రహ్మాన్ని గురించిన ఆ ప్రసిద్ధ భాగం, స్థూలం కాదు, అణువు కాదు, పొట్టి కాదు, పొడుగు కాదు అని సాగేది, గార్గి ప్రశ్నకు జవాబుగా పుట్టింది. ఆ తర్వాత ఆమె సభ వైపు తిరిగి, ఈయనకు నమస్కరించి బయటపడండి, బ్రహ్మవాదంలో మీలో ఎవరూ ఈయన్ని గెలవలేరు అని తీర్పు చెప్పి కూర్చుంటుంది. ఆ తీర్పు పెడచెవిన పెట్టి లేచినవాడు విదగ్ధ శాకల్యుడు. తల రాలిపోయింది అతనికి, గార్గికి కాదు. ఇంత స్పష్టంగా రాసి ఉన్న కథను మనం తలకిందులుగా గుర్తుపెట్టుకున్నాం.

మైత్రేయికి జరిగింది ఇంకొంచెం మర్యాదగా జరిగింది. ఆస్తి వద్దని అమృతత్వం అడిగిన యాజ్ఞవల్క్యుడి భార్యగా ఆమెను పూజిస్తాం. కాని ఆమె అసలు మాట ఆ తర్వాత ఉంది. దేహం పోయాక సంజ్ఞ ఉండదని యాజ్ఞవల్క్యుడు అనగానే, నన్ను తికమక పెడుతున్నారు అని ఆమె అడ్డుకుంటుంది. ఆ అభ్యంతరానికి జవాబుగానే, చూసేవాడూ చూడబడేదీ అన్న రెండు లేనిచోట ఎవరు దేన్ని చూస్తారు అన్న వాదం వస్తుంది. ఆమె తలూపి ఊరుకుని ఉంటే ఉపనిషత్తులో ఆ భాగం లేదు.

నా లెక్కలో వీళ్ళందరిలో మొనగత్తె సులభ. మహాభారతం శాంతిపర్వంలో, మోక్షధర్మంలో ఉంది. తెలుగువాళ్ళు భారతాన్ని ఎన్ని రూపాల్లో చెప్పుకున్నా జనం నోట్లో ఆమె పేరు వినబడదు. మిథిలను ఏలుతూనే ముక్తుణ్ణయ్యానని చెప్పుకునే జనకుణ్ణి పరీక్షించడానికి ఆ సన్యాసిని సభకు వస్తుంది. యోగబలంతో అతని మనసులోకి ప్రవేశిస్తుంది. జనకుడు మండిపడి, నువ్వెవరు, ఎవరిదానివి, ఏ కులం, నా అనుమతి లేకుండా ఎలా వచ్చావు అంటూ స్త్రీ అన్న మాట పట్టుకుని దూషిస్తాడు. ఆమె కోపం తెచ్చుకోదు. మొదట మంచి వాక్యం ఎలా ఉండాలో, దానికి ఏయే గుణాలుండాలో, ఏయే దోషాలు ఉండకూడదో వివరిస్తుంది. అంటే రాజుకు మాట్లాడటం నేర్పుతుంది. తర్వాత దేహం ఏయే తత్త్వాల కలయికో విడదీసి చెప్పి, నీలోనూ నాలోనూ ఉన్నవి అవే అయితే ఎవరిదానివి అన్న ప్రశ్న ఎక్కడిది అంటుంది. నీది నాది అన్న భేదం పోయినవాడే ముక్తుడైతే, నన్ను ఎవరిదానివని అడిగిన క్షణమే నీ ముక్తి ఉత్తదని తేలిపోయింది. రాజు కూడా కోట, మంచం, నిద్ర, ఆకలి, మంత్రుల మాట వీటన్నిటికీ లోబడిన పరతంత్రుడే కదా అని ముగిస్తుంది. జనకుడికి జవాబు లేదు. తర్కంలో ఇంత చక్కటి పాఠం మన కళాశాలల్లో ఉపవాచకంగా పెట్టడానికి అడ్డేమిటో నాకు అర్థం కాదు.

బౌద్ధంలో ఇలాంటివి ఇంకా ఎక్కువ, ఇంకా తక్కువ తెలిసినవి. భిక్షుణుల పద్యాలైన థేరీగాథల్లో 73 మంది పేర్ల కింద, విడివిడిగానూ కలిపీ, 522 గాథలు ఉన్నాయి. సుత్తాల్లో చూస్తే, ధమ్మదిన్న అనే భిక్షుణిని విశాఖుడు ప్రశ్నిస్తాడు. అతను ఆమె పూర్వాశ్రమపు భర్త అని వ్యాఖ్యానాలు చెబుతాయి. ‘నేను’ అనుకునేది ఏది, అది ఎలా పుడుతుంది, ఎలా ఆగుతుంది, సుఖానికీ దుఃఖానికీ సంబంధం ఏమిటి అని ఒక్కొక్కటే అడుగుతూ నిర్వాణానికి సాటి ఏది అనేదాకా పోతాడు. ప్రశ్న హద్దు దాటింది, విశాఖా, అంటుంది ఆమె. గార్గితో యాజ్ఞవల్క్యుడన్న మాటే ఇది, కాని ఇక్కడ చెప్పింది స్త్రీ, విన్నది పురుషుడు, తల రాలుతుందన్న బెదిరింపు లేదు. అనుమానముంటే బుద్ధుణ్ణే అడుగు అని పంపిస్తుంది. బుద్ధుడు విని, నన్నడిగినా ఇదే చెప్పేవాణ్ణి అంటాడు. మరో భిక్షుణి ఖేమ ప్రసేనజిత్తు రాజుకు తథాగతుణ్ణి కొలతల్లో ఎందుకు ఇమడ్చలేమో గంగానది ఇసుక రేణువుల లెక్కతో చెబుతుంది. సోమ అనే భిక్షుణి దగ్గరికి మారుడొచ్చి, ఋషులకే అందని స్థితి రెండు వేళ్ళ బుద్ధి గల ఆడదానికి ఎక్కడ అందుతుంది అని ఎకసెక్కమాడతాడు. అన్నం ఉడికిందో లేదో మెతుకు రెండు వేళ్ళ మధ్య నలిపి చూసే తెలివి అని దానికి వ్యాఖ్యాతల అర్థం. మిర్యాలగూడ బియ్యం తినే ఏ ఇంట్లోనైనా ఇప్పటికీ నడిచే పరీక్షే అది! సోమ జవాబు: మనసు కుదిరి, జ్ఞానం సాగుతున్నప్పుడు స్త్రీత్వం ఏం చేస్తుంది? నేను స్త్రీని, నేను పురుషుణ్ణి అని ఎవరికి తడుతుందో వాళ్ళతో చెప్పుకో ఈ మాటలు.

గ్రీకువాళ్ళ దగ్గరా ఇదే తంతు. అలెగ్జాండ్రియాలో గణితం, తత్త్వం బోధించిన హైపేషియాను 415లో మూక చంపింది. ఆమె పేరు విన్నవాళ్ళలో ఎక్కువమందికి తెలిసింది ఆ చావే. ప్లేటో సింపోజియంలో ప్రేమను గురించి సోక్రటీసుకు నేర్పిన గురువు దియోతిమ అనే స్త్రీ. ఆమె మాటను లోకం ప్లేటో మాటగా చెల్లించింది. 1690లో ఫ్రెంచి పండితుడు మెనాజ్ ప్రాచీన స్త్రీ దార్శనికుల పేర్లు అరవైకి పైగా ఏరి పుస్తకం వేశాడు. తర్వాత రెండు మూడు వందల ఏళ్ళ తత్త్వశాస్త్ర చరిత్రల్లో ఆ పేర్లు దాదాపు లేవు. జాబితా తయారుచేసినంత మాత్రాన ఏమీ నిలవదనడానికి ఇది సాక్ష్యం. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో గార్గి, మైత్రేయి పేర్లతో రెండు మహిళా కళాశాలలు 1967లోనే వచ్చాయి.  మైత్రేయి అభ్యంతరం ఏమిటో మాత్రం బోర్డు మీది పేరు చెప్పదు.

దీనికి గట్టి ఆక్షేపణ ఒకటుంది. గార్గి, సులభ నిజంగా ఉన్నారని ఎవరు చెప్పారు, పురుషులు రాసిన పుస్తకాల్లో పాత్రలే కదా అని. ఒప్పుకుందాం. యాజ్ఞవల్క్యుడు, జనకుడు అంతకన్నా ఎక్కువ రుజువుతో ఉన్నారా? సోక్రటీసు ఒక్క అక్షరం రాయలేదు. ఆయన మాటలన్నీ శిష్యులు రాసినవే. ఆ లెక్కన వాళ్ళ వాదాన్ని వాదంగా చదువుతున్నప్పుడు గార్గి వాదాన్ని పాత్ర సంభాషణగా తోసెయ్యడానికి కారణం ఉండాలి, స్త్రీ అన్నది తప్ప మరొకటి. నిండు సభలో ఒక స్త్రీ తీర్పు చెప్పినట్టు, ఒక రాజు ఒక సన్యాసిని ముందు మాట తోచక నిలబడ్డట్టు రాసినవాళ్ళకు అది వింతగా తోచలేదన్నది కూడా చరిత్రే. పురుషుల కలం కాబట్టి ఆ మాటల్లో పురుషుల నీడ ఉంటుందన్నది నిజం. నీడ ఎక్కడుందో పట్టుకోవాలంటే ముందు చదవాలి.

మరో ఇబ్బంది పొగిడేవాళ్ళతో వస్తుంది. వేదకాలంలో స్త్రీకి ఎంత గౌరవం, గార్గిని చూడండి, మైత్రేయిని చూడండి అని సభల్లో రెండు పేర్లు చదివి చప్పట్లు కొట్టించుకుంటారు. వేల ఏళ్ళకు రెండు మూడు పేర్లే దొరుకుతున్నాయంటే అది గౌరవానికి రుజువు కాదు, కొరతకు రుజువు. యాజ్ఞవల్క్యుడి మరో భార్య కాత్యాయనిని అదే ఉపనిషత్తు స్త్రీలకుండే పాటి తెలివి గలది అని ఒక్క ముక్కలో తేల్చేసింది, ఆ మాటా చదవాలి. ఎదుటి పక్షం, ఇవన్నీ అగ్రవర్ణాల కట్టుకథలు అని కొట్టేసి తృప్తి పడుతుంది. పొగిడేవాళ్ళకు గార్గి సర్టిఫికెట్, తిట్టేవాళ్ళకు గార్గి బూటకం. ఆమె అడిగిన ప్రశ్న ఇద్దరికీ అక్కర్లేదు. ఆ సభకెళ్ళి వచ్చిన పెద్దమనిషే ఇంట్లో ఆడపిల్ల రెండోసారి ఎందుకని అడిగితే నోరెక్కువైందని అంటాడు. అందులో ఆయనకు తేడా కనబడదు.

సూర్యాపేటకో కోదాడకో దీనితో పనేమిటని అడిగేవారికి పొడుగు జవాబు అక్కర్లేదు. ఈ చుట్టుపక్కల లోయ ఆ స్త్రీలది. చాంతిసిరి స్తంభం ఉన్న నేల మునిగిన నీటితోనే మన వరి పండుతోంది. జగ్గయ్యపేట స్తూపానికి ఐదు ఆయక స్తంభాలు నిలిపిన శిల్పి సిద్ధార్థుడు తన తల్లి నాగిలాని పేరు కూడా చెక్కించాడు. పదిహేడు వందల ఏళ్ళ కింద ఒక పనివాడికి ఉన్న పాటి జ్ఞాపకం మనకు లేకపోవడం చిన్నతనం.

చెయ్యాల్సింది ఖర్చుతో కూడుకున్నది కాదు. నాగార్జునసాగర్‌లో 274 ఎకరాల్లో 2022లో తెరిచిన బుద్ధవనంలోనూ, ఫణిగిరిలోనూ చాంతిసిరి, బోధిసిరి, భట్టిదేవ, కొడబలిసిరి శాసనాల పూర్తి పాఠం బడిపిల్లలు చదవగలిగే వాడుక తెలుగులో పెట్టాలి. ఎవరి భార్యో చెప్పే వాక్యం కన్నా ఏ నికాయానికి ఏమిచ్చిందో చెప్పే వాక్యం ముందు రావాలి. సముదియ, మాల పేర్లున్న అమరావతి పలక సంగతి అక్కడే చెప్పాలి. ఇంటర్ తెలుగులో సులభా జనక సంవాదం, గార్గి రెండో ప్రశ్న, ధమ్మదిన్న జవాబులు కథలుగా కాక వాదాలుగా రావాలి. పరీక్షలో గార్గి ఎవరి కూతురు అని కాక, ఆమె ప్రశ్నకు యాజ్ఞవల్క్యుడిచ్చిన జవాబు సరిపోయిందా అని అడగాలి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ డిగ్రీ కళాశాలల తెలుగు, చరిత్ర శాఖల అధ్యాపకులు పాఠ్యపుస్తకం మారేదాకా ఆగాల్సిన పనిలేదు. వచ్చే మహిళా దినోత్సవానికి ముగ్గుల పోటీ బదులు సులభ పక్షాన ఇద్దరినీ జనకుడి పక్షాన ఇద్దరినీ నిలబెట్టి ఒక గంట వాదించనివ్వండి.